పేరు లేని పొట్లం

బోగోలు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక రొయ్యలు ఒలిచే షెడ్డులో పొద్దున టీతో పాటు ఒక పొట్లం కూడా ఇస్తారు. మేస్త్రీ కామాక్షయ్య చేతిలో టీ క్యాను, భుజాన గుడ్డసంచీతో బల్లల మధ్య నడుచుకుంటూ వస్తాడు. ఐసులో మునిగిన చేతులు పైకి తీసి, కొంగుకు తుడుచుకుని, ఆడవాళ్ళు ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో పొట్లం అందుకుంటారు. పాత పేపరు ముక్కలో మడిచిన మూడు బిళ్ళలు. ఒకటి పసుపుది, ఒకటి ఎర్రది, ఒకటి కందిబద్దంత తెల్లది. అవేమిటో ఎవరూ అడగరు. టీ చల్లారేలోపు గుటుక్కున మింగేస్తారు. కాసేపటికి మోకాళ్ళ పోటు సద్దుమణుగుతుంది, నడుము నిలబడుతుంది, చేతులు మళ్ళీ రొయ్యల తలలు తుంచడంలో పడతాయి.

"మా మేస్త్రీ ధర్మాత్ముడు. కూలోళ్ళ నొప్పి తెలిసినోడు" అని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ ధర్మం ఎటువంటిదో ఈ కథ చదివి మీరే తేల్చండి.

అదే షెడ్డులో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. చెరువు నుంచి లోడు రాగానే గుప్పెడు రొయ్యలు విడిగా తీసి, సంచిలో వేసి, ఏ చెరువుదో పేరు అంటించి ల్యాబుకు పంపుతారు. చెరువులో ఏదైనా మందు చల్లి, దాని ఆనవాలు రొయ్యలో మిగిలి ఉంటే విదేశంలో కొనేవాడు సరుకును వెనక్కి కొడతాడు. అందుకని ల్యాబు నుంచి మంచి కబురు వచ్చేదాకా ఆ సరుకు గడప దాటదు. రొయ్య విషయంలో అంత జాగ్రత్త.

పెంచలమ్మ ఈ షెడ్డులో చేరి చాలా ఏళ్ళయింది. భర్త అబ్రహాము ఆటో తోలుతాడు. ఒక్కగానొక్క కూతురు డెబోరా కావలిలో హాస్టల్లో ఉండి నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఐసులో చేతులు పెట్టి తల్లి నిలబడింది గనక కూతురు పుస్తకం ముందు కూర్చోగలిగింది. ఆ సంగతి డెబోరా మరిచిపోయే పిల్ల కాదు.

ఆ ఏడు డెబోరా వాళ్ళకు మందుల పాఠం వచ్చింది. ఉషారాణి మేడమ్ మందులను కుటుంబాలుగా విడగొట్టి చెప్పేది. నొప్పిని అణిచేవి ఒక కుటుంబం, సూక్ష్మజీవులను చంపేవి ఒకటి, రక్తపోటును దించేవి ఒకటి, వాపునూ మంటనూ ఆర్పే స్టిరాయిడ్లు ఒకటి. ప్రతి కుటుంబానికీ అవే శీర్షికలు: ఎలా పనిచేస్తుంది, ఎప్పుడు వాడాలి, దుష్ఫలితాలేమిటి, చివరగా నర్సు బాధ్యతలు. పిల్లలు గడుసువాళ్ళు. ఆ చివరి శీర్షికకు మార్కులు తక్కువని కనిపెట్టి దాన్ని ఛాయిస్‌లో వదిలేశారు. డెబోరా కూడా వదిలేసింది. దుష్ఫలితాలు మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. "నర్సు కాబోయేవాళ్ళు నర్సు బాధ్యతలనే వదిలేస్తే ఎట్టమ్మా" అని ఉషారాణి ఒకసారి కసిరింది గానీ, అంతలో గంట కొట్టారు.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే డెబోరా ఇంటికి వచ్చింది. అమ్మ లేదు, లోడు వచ్చిందని షెడ్డుకు పోయిందన్నారు. చర్చికి కూడా పోకుండా అన్నం క్యారియరు పట్టుకుని నేరుగా షెడ్డుకే వెళ్ళింది. తల్లిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. నెలల తర్వాత చూస్తోంది మరి.

"ఏందే పాపా, అట్టా చూస్తా ఉండావు? మీ అమ్మ ఒళ్ళు చేసింది చూడు" అంది పక్క బల్ల దగ్గరున్న జమాల్‌బీ. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, షెడ్డులోనూ పక్కపక్క బల్లలే. "బుగ్గలు చూడు ఎట్టా నిండినాయో. కూతురు నర్సమ్మ అవతా ఉండాదని సంతోషం పట్టలేక పోతా ఉండాది."

అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ తీరంలో చిక్కిన ముఖం కరువు ముఖం, నిండిన ముఖం కలిగిన ముఖం. బుగ్గలు ఉబ్బితే ఇంట్లో అన్నం బాగా ఉడుకుతోందని లెక్క. జమాల్‌బీ బుగ్గలూ అలాగే ఉన్నాయి, ఆ వెనక ఇద్దరు ముగ్గురివీ అలాగే ఉన్నాయి. అందరూ ఒకరినొకరు చూసి మురిసిపోతున్నారు.

డెబోరా నవ్వలేదు. తల్లి ముఖం ఉబ్బి గుండ్రంగా ఉంది గానీ చేతులు పుల్లల్లా ఉన్నాయి. ముంజేతి మీద దేనికో తగిలినట్టు నల్లని మచ్చలు. బొటనవేలికి గుచ్చుకున్న రొయ్య ముల్లు పుండై, మానక, గుడ్డ చుట్టి ఉంది. పరీక్షలో రాసిన ముక్కలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. ముఖం ఉబ్బడం, చర్మం పలచబడటం, కమిలిన మచ్చలు, మానని పుండ్లు. తాను మార్కులు తెచ్చుకున్న జవాబు అమ్మ ఒంటి మీద ఉంది.

సరిగ్గా అప్పుడే కామాక్షయ్య సంచీతో వచ్చాడు.

"మామా, ఈ బిళ్ళల పేరేంది?"

"పేరు దేనికి పాపా? నొప్పుల సెట్టు. మధుబాబు డాక్టరు కట్టిచ్చినాడు."

మధుబాబు డాక్టరు కాదు. సెంటర్లో మందుల షాపు పెట్టుకున్నవాడు. బిళ్ళలను అట్టతో సహా ఇస్తే పేరు తెలిసిపోతుందని, కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి, రేకు చించి, బిళ్ళ పొట్లంలోకీ పేరు చెత్తబుట్టలోకీ వేసేవాడు. ఊళ్ళో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. చాలాచోట్ల మందుల షాపుల్లో జ్వరానికో సెట్టు, జలుబుకో సెట్టు అడగడం, వాళ్ళు ఇవ్వడం మనకూ అలవాటే కదా? మనకు మాత్రం ఏం తోచింది?

డెబోరాకు ఒళ్ళు మండిపోయింది. తల్లి చేతిలోని పొట్లం లాక్కుని రొయ్యల నీళ్ళు పారే కాలవలో విసిరేసింది. "అమ్మా, ఇంకొక్క బిళ్ళ మింగినావంటే నా మీద ఒట్టే! ఇది మందు కాదు, విషం. నిన్ను లోపల్లోపల తినేస్తా ఉండాది!" అని అరిచింది. ఇంటికి పోయి, పని లేని రోజులకని అమ్మ పెట్టెలో దాచిన పొట్లాలన్నీ తీసి పొయ్యిలో వేసింది. చదువుకున్న పిల్ల చెప్తోందని జమాల్‌బీ కూడా తన ఇంట్లోవి తెచ్చి అదే మంటలో వేసింది. సాయంత్రం బస్సులో కూర్చుని కావలి వెళ్తుంటే డెబోరాకు అమ్మను కాపాడుకున్నానన్న తృప్తి కలిగింది.

ఆ వారంలోనే డెబోరాకు కావలి పెద్దాసుపత్రిలో డ్యూటీ వేశారు. వార్డులో దుప్పట్లు మారుస్తుంటే కింద ఆటో ఆగిన చప్పుడు, ఆ వెంటనే తండ్రి గొంతు. పరుగున దిగివచ్చింది. పెంచలమ్మ వెనక సీట్లో తల వాల్చేసి ఉంది. ఒళ్ళంతా చల్లటి చెమట. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది గానీ మాట సరిగా రావడం లేదు.

"నిన్నట్నుంచి ఒకటే వాంతులు పాపా. నిలబడితే పడిపోతా ఉండాది. కడుపునొప్పి అంటాది. ఎండ దెబ్బేమో అనుకున్నాం" అన్నాడు అబ్రహాము.

ఆమెను మోసుకెళ్ళి వార్డులో పడుకోబెట్టగానే, డ్యూటీలో ఉన్న డాక్టర్ షాహీన్ వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. రక్తపోటు పట్టీ కట్టి, అంకె బాగా తక్కువగా ఉండటం చూసి పెదవి కొరుక్కుంది. ముఖాన్నీ ముంజేతి మచ్చలనూ ఒకసారి చూసి, "ఈమె ఏం మందులు వాడతా ఉంది?" అని అడిగింది.

"నొప్పుల బిళ్ళలమ్మా."

"పేరు?"

"పేరు తెలీదమ్మా. ఏళ్ళ తరబడి మింగతా ఉండాది. పసుపుదొకటి, ఎర్రదొకటి, తెల్లది సన్నదొకటి."

"రంగు చెప్తే నేను వైద్యం చేసేది ఎట్టయ్యా? ఒక మనిషి ఇన్నేళ్ళు మింగినదానికి పేరు తెలీదంటే ఎట్టా?" డాక్టరమ్మ గొంతు వార్డంతా వినపడింది. అబ్రహాము తల వంచుకున్నాడు. అడగాల్సినవాడిని అడగలేక ఆమె ఈయన మీద కేకలేసింది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

డెబోరా ముందుకు వచ్చింది. "స్టిరాయిడ్లు అనుకుంటా మేడమ్. షెడ్డులో ఇస్తారు. నేనే ఆపించినా."

"ఆపించినావా? ఎట్టా?"

"పొయ్యిలో వేసేసినా మేడమ్. ఆదివారం."

డాక్టర్ షాహీన్ వెనక్కి తిరిగి సిస్టర్‌కు గబగబా చెప్పింది. సెలైను ఎక్కింది, ఇంజెక్షను నరంలోకి వెళ్ళింది. అది కూడా స్టిరాయిడే. డెబోరా నోరు తెరుచుకుని చూసింది. విషమని తాను కాల్చేసిన దాన్నే డాక్టరు అమ్మకు ఎక్కిస్తోంది.

"ఏళ్ళ తరబడి బయటి నుంచి పోస్తా ఉంటే, ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథి పని మానేసి పడుకుంటాది" అంది డాక్టరు సెలైను వేగం సరిచేస్తూ. "ఒక్కసారిగా ఆపితే లోపలా లేదు, బయటా లేదు. రక్తపోటు పడిపోతాది, ప్రాణం పోతాది. డాక్టరు చూసుకుంటా కొద్దికొద్దిగా తగ్గించాల. మీకు చెప్పలేదా?"

చెప్పారు. నర్సు బాధ్యతలు అనే శీర్షిక కింద మొదటి వాక్యమే అది. అకస్మాత్తుగా ఆపరాదు, రోగికి ఆ సంగతి చెప్పాలి. ఛాయిస్‌లో వదిలేసిన వాక్యం. మరుక్షణం డెబోరాకు ఇంకో సంగతి తట్టింది.

"నాయనా! జమాల్‌బీ అత్త! అత్త కూడా కాల్చేసింది!"

ఫోను చేస్తే ఎత్తలేదు. అబ్రహాము ఆటో తిప్పాడు. తల్లి పక్కన నిలబడి డెబోరా ఆ గంటసేపు అనుభవించింది పగవాళ్ళకు కూడా వద్దు. తల్లి రొమ్ము ఎగిసిపడటం చూస్తూ ఒక చెవి తలుపు వైపే పెట్టుకుంది. ఆటో తిరిగి వచ్చేసరికి జమాల్‌బీ కూడా అదే స్థితిలో ఉంది. ఎండ దెబ్బని ఇంట్లోవాళ్ళు మజ్జిగ తాగించి, తడిగుడ్డ వేసి, చాప మీద పడుకోబెట్టి విసురుతున్నారట. ఆమెకూ సూది పడింది, సెలైను ఎక్కింది.

ఇద్దరూ బతికారు. మర్నాటికి పెంచలమ్మ లేచి కూర్చుని గంజి తాగింది. డెబోరా తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "నేనే చంపేసేదాన్ని మేడమ్" అంది రౌండ్సుకు వచ్చిన డాక్టరుతో.

"అవును, నీ తప్పుండాది. లేదని నేను చెప్పను" అంది డాక్టర్ షాహీన్. "మిడిమిడి చదువుతో మందు ఇవ్వడమెంత తప్పో, ఆపడం కూడా అంతే తప్పు. అయితే నీది ఆఖరి తప్పమ్మాయ్. మొదటి తప్పు చేసినవాడు ఇంకా టీ పోస్తానే ఉండాడు. ఆ షెడ్డులో ఇంకెంతమంది మింగతా ఉండారో ముందు అది చూడు."

డెబోరా కళ్ళు తుడుచుకుని లేచింది. నేరుగా మధుబాబు షాపుకు పోయింది. మధుబాబు గల్లా వెనక కూర్చుని కత్తెరతో అట్టలు కత్తిరిస్తున్నాడు. కామాక్షయ్య బల్ల మీద సంచీ పరిచి పొట్లాల కోసం కాచుకుని ఉన్నాడు.

"ఆ కత్తెర పక్కన పెట్టన్నా. నువ్వు కోసి పారేసే ముక్క నాకియ్యి. దాని మీద ఏం పేరుందో చూస్తా."

మధుబాబు తలెత్తి నవ్వాడు. "రామ్మా నర్సమ్మా. మీ అమ్మకి బాగలేదంట గదా. నేను చెప్పలా, బిళ్ళలు మానేస్తే ఇట్టానే అవతాది! మళ్ళీ మొదలుపెడితే అంతా సర్దుకుంటాది."

ఆ మాటతో డెబోరాకు కళ్ళు ఎర్రబడ్డాయి. చేసిన పాపమే వాడికి సాక్ష్యంగా పనికొస్తోంది. మానితే మంచమెక్కుతారు, కాబట్టి మందు మంచిదట!

"మానితే ప్రాణం పోయేంత దాకా మా అమ్మని తెచ్చింది నువ్వు గదన్నా! ఏ డాక్టరు రాసిచ్చినాడు? నడుం నొప్పికి స్టిరాయిడు రోజూ మింగమని ఎవురు చెప్పినారు?"

"నేను సేవ చేస్తా ఉండా పాపా. ఆసుపత్రికి పోతే వాళ్ళ కూలి పోతాది. నేను వాళ్ళకి నిలబడే శక్తి ఇస్తా ఉండా."

"శక్తా? ఐసు నీళ్ళలో నిలబడి కాళ్ళు కుళ్ళతా ఉన్నా తెలీకుండా చేస్తా ఉండావు. దాన్ని శక్తి అంటారా? మామా, నువ్వు చెప్పు. వాళ్ళకి కూర్చోను ఒక స్టూలు వేసినావా? కాళ్ళకి బూట్లు ఇచ్చినావా? స్టూలుకి డబ్బులు లేవు గానీ బిళ్ళలకి ఉండాయే!"

కామాక్షయ్య మెల్లగా అన్నాడు. "పని ఆగితే రొయ్య చెడిపోతాది పాపా. నాకు పైనుంచి మాట వస్తాది. నేనూ కూలోణ్ణే."

డెబోరాకు ఆ షాపు అద్దాలన్నీ బద్దలు కొట్టాలనిపించింది. ఆ బిళ్ళలన్నీ తీసుకుపోయి సముద్రంలో పోయాలనిపించింది. కానీ పోయకూడదు. ఇవాళ పోస్తే రేపు ఇంకో పదిమంది ఆడవాళ్ళు మంచమెక్కుతారు. కోపం వచ్చినా కొట్టడానికి వీల్లేని చోట నిలబడి ఉంది ఆ పిల్ల. విషం పెట్టినవాడిని ఆ విషమే కాపాడుతోంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా చెప్పండి!

ఆమె చెత్తబుట్టలో చెయ్యి పెట్టి, కత్తిరించి పారేసిన రేకుముక్కలు గుప్పెడు తీసి చున్నీలో మూటకట్టుకుంది. మధుబాబు తేలుకుట్టిన దొంగలా చూస్తూ ఉండిపోయాడు.

ఆ రేకుముక్కలు చూశాక డాక్టర్ షాహీన్ పై అధికారులకు రాసింది. వాళ్ళు వస్తామన్నారు. ఇంకా వస్తూనే ఉన్నారు. ఆమె మాత్రం వాళ్ళ కోసం ఆగలేదు. తర్వాతి ఆదివారం, టీ ఇచ్చే వేళకే షెడ్డుకు వచ్చింది. ఆమె వెంట ఉషారాణి మేడమ్, రక్తపోటు పట్టీలు పట్టుకుని డెబోరా తోటి పిల్లలు వచ్చారు. ఆ ముందు రోజే ఉషారాణి క్లాసులో అందరినీ నిలబెట్టి ఆ చివరి శీర్షికను పైకి చదివించింది. ఈసారి గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

డాక్టరు ఒక ఐసు డబ్బా మీద కూర్చుని ఆడవాళ్ళతో అంది. "అమ్మా, బుగ్గలు నిండినాయని మురిసిపోబాకండి. అది అన్నం బలం కాదు, మందు వాపు. లోపల ఎముకలు గుల్లవతా ఉంటాయి, చక్కెర పెరగతా ఉంటాది. అట్టాగని రేపటినుంచి మానేయబాకండి. పెంచలమ్మకి ఏమైందో చూసినారు గదా. ఒక్కొక్కరినీ చూసి, ఎవురికి ఎంత తగ్గించాల్నో, ఎట్టా తగ్గించాల్నో నేను రాసిస్తా. ఆసుపత్రిలో ఇస్తారు. స్టిరాయిడు చెడ్డది కాదు. మొన్న ఈ ఇద్దరినీ బతికించింది కూడా అదే. ఎందుకు ఇస్తా ఉండారో, ఎంత ఇస్తా ఉండారో, ఎప్పుడు ఆపాల్నో తెలిసినోళ్ళ చేతిలో అది మందు. తెలీనోడి చేతిలో ప్రాణాల మీదికి తెస్తాది."

ఆసుపత్రి నుంచి వచ్చిన పెంచలమ్మ, జమాల్‌బీ ఇద్దరూ గోడవార చాప మీద కూర్చుని ఉన్నారు. పెంచలమ్మ పక్కనే డెబోరా ఉంది. అప్పుడే కామాక్షయ్య అలవాటు చొప్పున క్యానుతో, సంచీతో లోపలికి అడుగుపెట్టి, డాక్టరును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బయట లోడు దిగింది. ఒక మనిషి గుప్పెడు రొయ్యలు తీసి ల్యాబు సంచిలో వేసి, పేరు అంటిస్తున్నాడు.

పెంచలమ్మ ఆ సంచి వంక చూసింది. చూస్తూ చూస్తూ కూతురి భుజం పట్టుకుని లేచి నిలబడింది. ఏనాడూ మేస్త్రీ ముందు గొంతెత్తని మనిషి.

"అన్నా, ఇంత కాలం నువ్విచ్చిన దాన్ని కళ్ళకద్దుకుని మింగినాం. ఒక మాట అడగతా. రొయ్యకి మందు తగిలిందేమో అని ల్యాబుకి పంపుతారు. ఏ చెరువుదో పేరు అంటిస్తారు. దాన్ని తినేవోడు యాడనో సముద్రం అవతలుండాడు, వోడి కడుపు కోసం ఇంత చేస్తారు. దాన్ని ఒలిచే మా నోట్లో ఏం ఏస్తా ఉండావో మాకు చెప్పవా? రొయ్యపాటి చెయ్యమా మేము?"

జమాల్‌బీ చాప మీంచి లేచి తన బల్ల మీది రొయ్యల కుప్పను పక్కకు నెట్టేసింది. ఆమెను చూసి వెనక వరసలో ఒకామె చేతులు ఐసులోంచి తీసేసింది. ఆ తర్వాత ఇంకొకామె. తలలు తుంచే చప్పుడు షెడ్డులో ఆ మూలనుంచి ఈ మూలదాకా ఆగిపోయింది. లోడు మీద ఐసు కరిగి నీళ్ళు కాలవలోకి పారుతున్నాయి.

"పని ఆపితే ఎట్టమ్మా?" అన్నాడు కామాక్షయ్య బతిమాలుతూ.

"టీ పొయ్యన్నా, తాగతాం. కూర్చోను స్టూళ్ళు తెప్పియ్యి, ఒలుస్తాం" అంది పెంచలమ్మ. కామాక్షయ్య భుజాన ఉన్న సంచీ తీసి డాక్టరు చేతికి ఇచ్చేశాడు. పెంచలమ్మ తన చుట్టూ ఉన్న ఆ ఉబ్బిన ముఖాలన్నింటినీ ఒకసారి కలియజూసి అంది. "ఇనండమ్మా. ఎంత అయినోడైనా, ఎంత నొప్పైనా సరే, పేరు చెప్పని మందుకి నోరు తెరవబాకండి."